దేవరకొండ సందుగలోని కాగితాలు

మామయ్య ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతాడు. "కాగితాలు సర్దుడు ఒడిసిందా బిడ్డా?" ఒడవలేదు. ఇప్పట్లో ఒడవదు కూడా. ఎందుకింత ఆలస్యమో ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఎక్కడం లేదు. నాతో పాటు లైబ్రరీలో పనిచేసినవాళ్లు కూడా "ఒక్క సందుగకు ఇన్ని నెలలా?" అంటున్నారు. అందరికీ ఒకేసారి జవాబు చెప్పినట్టుంటుందని ఇది రాస్తున్నాను. ఇంట్లో ఇట్లాంటి పాత కాగితాలున్నవాళ్లకు కూడా పనికిరావచ్చు.

మా అమ్మ పుట్టినూరు దేవరకొండ దగ్గర. మా తాత అక్కడ పట్వారి. మాలీ పటేల్ శిస్తు వసూలు చేసేవాడు, పోలీసు పటేల్ ఊరి బందోబస్తు చూసేవాడు, లెక్కలన్నీ పట్వారివి. ఏ సర్వే నంబరు ఎవరి పట్టా, ఎన్ని ఎకరాలు ఎన్ని గుంటలు, ఏ పంట వేశారు, ఎంత కట్టారు, ఎంత బాకీ ఉన్నారు, అంతా ఆయన చేతిరాతలో ఉండేది. తాత తర్వాత మామయ్య కొంతకాలం ఆ పని చేశాడు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ పదవులను తీసేసింది. ఆ తర్వాత ఆ కాగితాలను ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కడదామని అటక ఖాళీ చేస్తే ఒక టేకు సందుగ, ఒక ట్రంకు పెట్టె, చిలక్కొయ్యకు వేలాడే గుడ్డసంచి ఒకటి బయటపడ్డాయి. అత్తమ్మ నాకు ఫోన్ చేసి "చిత్తు కాగితాలోడు వస్తుండు. నీకు కావాలంటే ఆలోపే వచ్చి తీస్కపో" అంది. నల్లగొండలో డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్‌గా రిటైరయ్యాను కాబట్టి, పుస్తకాలు తెలిసిన మనిషికి కాగితాలు కూడా తెలుస్తాయని వాళ్ల నమ్మకం.

ఈ రెండు పనులకూ చాలా తేడా ఉంది. లైబ్రరీలో పుస్తకం వస్తే అది దేని గురించో చూసి, నంబరు వేసి, ఆ సబ్జెక్టు అరలో పెడతాం. అదే పుస్తకం వరంగల్లులో ఉన్నా హైదరాబాదులో ఉన్నా అదే నంబరు. కాని ఒక మనిషి జీవితకాలం దాచుకున్న కాగితాల్లో ప్రతిదీ ఒక్కటే ప్రతి. అది ఎందుకు పుట్టిందో, ఎందుకు మిగిలిందో దాని మీద రాసి ఉండదు. దాని పైన ఏముంది, కింద ఏముంది, ఏ కట్టలో ఉంది అన్న దాంట్లోనే సగం సంగతి ఉంటుంది. అందుకే ఆర్కైవ్స్ పని, అంటే పాత దస్త్రాలను భద్రపరిచే పని, చేసేవాళ్లకు మొదటి నియమం ఒకటుంది. ఒకరి కాగితాలను ఇంకొకరి కాగితాలతో కలపకూడదు, ఆ మనిషి పెట్టుకున్న వరసను చెరపకూడదు. ఫ్రాన్స్‌లో 1841లోనే ప్రభుత్వం ఈ మొదటి సగాన్ని ఆదేశంగా ఇచ్చింది. 1898లో ముగ్గురు డచ్ ఆర్కైవిస్టులు రాసిన మాన్యువల్‌తో రెండో సగం కూడా అందరికీ పాఠమైంది.

నియమం చెప్తే పొడిగా ఉంటుంది. పన్నెండో కట్ట సంగతి చెప్తాను.

తాత ప్రతి కట్టకూ పైన ఒక అట్టముక్క పెట్టి, దాని మీద ఫసలీ సంవత్సరం (శిస్తు లెక్కలకు వాడే సంవత్సరం) రాసి, నవారుతో కట్టేవాడు. పన్నెండో కట్ట మీద 1343 ఫసలీ అని ఉంది. అంటే 1933 అక్టోబరు నుంచి 1934 అక్టోబరు దాకా. విప్పితే పైనుంచి కిందికి ఇట్లా ఉన్నాయి: మూడెకరాల ఇరవై గుంటల ఖుష్కి (మెట్ట) భూమి అమ్మిన కాగితం నకలు. ఒక సాహుకారుకు రాసిచ్చిన నోటు, చెల్లు పెట్టి అడ్డంగా గీత కొట్టి ఉంది. హైదరాబాదు బట్టల దుకాణం బిల్లు. తాత చెల్లెలి పెండ్లి పత్రిక, పసుపు మరక ఇంకా పోలేదు. అట్టడుగున, పంట ఎండిందని శిస్తు మాఫీ కోరుతూ తహసీలుకు పెట్టుకున్న దరఖాస్తు ముసాయిదా. దాని మీద మంజూరు అయినట్టు ఏమీ లేదు.

ఇప్పుడు ఇదే కట్టను నా లైబ్రరీ అలవాటుతో సర్దితే ఏమయ్యేది? పెండ్లి పత్రికలన్నీ ఒక ఫైల్లో, భూమి కాగితాలన్నీ ఒక ఫైల్లో, అప్పు నోట్లన్నీ ఒక ఫైల్లో, బిల్లులు ఇంకో దాంట్లో పోయేవి. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉండేది. పంట పోయిన ఏడు పెండ్లి కుదిరిందనీ, అప్పు చేసి చేశారనీ, ఆ అప్పు తీర్చడానికి భూమి అమ్మారనీ ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. ఈ ముక్క ఏ కాగితంలోనూ రాసి లేదు. ఆ ఐదింటినీ ఒకే నవారుతో కట్టడంలోనే తాత దాన్ని చెప్పాడు. అమ్మకు కూడా తెలియని సంగతి ఇది.

అందుకే కట్ట విప్పే ముందు దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీస్తాను. అట్టముక్క ఫోటో, ముడి ఫోటో. విప్పాక పైనుంచి ఒక్కొక్క కాగితం తీస్తూ, వెనకవైపు కింది మూలన మెత్తటి పెన్సిల్‌తో నంబరు వేస్తాను. పెన్ను ఆ గదిలోకే రానివ్వను. 2/12/4 అంటే రెండో వరుస (ఒకచోట దాచిన కట్టల గుంపును వరుస అంటున్నాను), పన్నెండో కట్ట, నాలుగో కాగితం. రేపు గాలికి మొత్తం కిందపడ్డా మళ్లీ తాత పెట్టిన వరసలోనే పేర్చుకోవచ్చు.

వరుసలు కూడా నేను కల్పించలేదు. సందుగలో ఉన్నవి దాదాపు అన్నీ సర్కారు లెక్కల నకళ్లు: సేత్వారు (భూముల సర్వే రిజిస్టరు) నకలు, పహాణీల (ఏటా ఏ భూమిలో ఎవరు, ఏ పంట అని రాసే లెక్కల) చిత్తులు, జమాబందీ (ఏటా శిస్తు తేల్చే) లెక్కలు. ట్రంకు పెట్టెలో ఉన్నవన్నీ సొంతానివి: అప్పులు, కౌళ్లు, అమ్మకాలు, కొనుగోళ్లు. ఆయనే విడదీసి పెట్టాడు కాబట్టి అవి రెండు వరుసలు. ఇక గుడ్డసంచి తాతది కాదు, అమ్మమ్మది. బంగారం కుదువబెట్టిన చీటీలు, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసిన ఆమె చెల్లెలి ఉత్తరాలు, పిల్లలు పుట్టిన తిథులు రాసిపెట్టుకున్న పంచాంగం అట్ట. "అన్నీ పట్వారి తాత కాగితాలే కదా, ఒకే పేరు మీద రాసెయ్యి" అని అందరూ అన్నారు. రాయను. ఆ సంచి ఆమె పేరు మీదే ఉంటుంది, వేరే సేకరణగా. ఆ ఇంట్లో ఆమె పేరుతో ఉన్న పట్టా ఒక్కటీ లేదు, కనీసం ఇదన్నా ఉండాలి.

చదవడం దగ్గర చాలా టైమ్ పోతోంది. నిజాం రాజ్యంలో 1880లలో ఫారసీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. అప్పటి నుంచి కచేరీ కాగితం అంటే ఉర్దూయే. నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, అచ్చు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. కాని ఈ దస్త్రాల్లో ఉన్నది షికస్తా. గుమాస్తాలు వేగంగా రాసే గొలుసు రాత, చుక్కలు పెట్టే ఓపిక కూడా ఉండదు. ఉర్దూలో కొన్ని అక్షరాలకు తేడా చుక్కల్లోనే ఉంటుంది. మా వీధి చివర ఉండే రిటైర్డ్ ఉర్దూ టీచరు, అందరం మౌల్వీ సాబ్ అంటాం, ఆయన లేకపోతే నేను ఈ పని మొదలుపెట్టేదాన్నే కాదు. మధ్యాహ్నం నమాజు అయ్యాక వస్తారు, భూతద్దం తెచ్చుకుంటారు. ఒకరోజు ఒక కౌలు కాగితంలో ఒక పేరు దగ్గర ఆగిపోయారు. "అమ్మా, ఇది పాపయ్య కావచ్చు, బాపయ్య కావచ్చు. చుక్కలు పెట్టలేదు కదా, నేనైతే ఖాయంగా చెప్పలేను" అన్నారు. అంత చదువుకున్న మనిషి అట్లా అన్నందుకు నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. జాబితాలో "పాపయ్య / బాపయ్య?" అని ప్రశ్న గుర్తుతో రాశాం. చాలా కట్టలు దాటాక, అదే సర్వే నంబరుతో తెలుగు గొలుసుకట్టు రాతలో ఒక రసీదు దొరికింది. అందులో బాపయ్య అని స్పష్టంగా ఉంది. ప్రశ్న గుర్తు తీసేసి, ఏ కాగితం ఆధారంగా తీశామో కూడా పక్కన రాశాం. ఊహతో ముందే ఒక పేరు రాసి ఉంటే ఆ రసీదు ఎదురైనప్పుడు మేం దాన్ని గమనించకుండానే దాటిపోయేవాళ్లం.

డబ్బు లెక్కలైతే మరీ కష్టం. చాలాచోట్ల మామూలు అంకెలు కాకుండా సియాఖ్ గుర్తులున్నాయి. అరబీ సంఖ్యల పేర్లను కుదించి కుదించి గీతలుగా మార్చిన పద్ధతి అది. మౌల్వీ సాబ్ తన తండ్రి దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్నారట. ఆ మొత్తం తేలినా, ఏ రూపాయి అన్నది ఇంకో ప్రశ్న. నిజాం సిక్కాను హాలీ అనేవాళ్లు, ఇంగ్లీషు వాళ్ల రూపాయిని కల్దార్ అనేవాళ్లు. దాదాపు ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. వివరాల్లో "రూ. 140" అని ఊరికే రాస్తే తప్పుడు లెక్క అవుతుంది, "140 హాలీ" అని రాయాలి.

తేదీలు కూడా అంతే. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందని అందరూ చెప్తారు, కాని అది సగం నిజం. హైదరాబాదు ఫసలీ ఆజూర్ నెలతో అక్టోబరు మొదట్లో మొదలవుతుంది. కాబట్టి ఆజూర్, దై నెలలకు 590 కలపాలి. ఇస్ఫందార్ నుంచి చివరి నెల ఆబాన్ దాకా 591 కలపాలి. మధ్యలో బహ్మన్ నెల డిసెంబరు, జనవరి రెండింట్లో పడుతుంది, దాన్ని రోజు చూసి తేల్చుకోవాలి. 1357 ఫసలీ ఆబాన్ అంటే 1948 సెప్టెంబరు. దీన్ని 1947 అని రాస్తే పోలీసు చర్యకు (ఆ సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం రాజ్యాన్ని కలుపుకున్నదానికి) ముందు వెనకలు తారుమారవుతాయి. ఆంధ్ర ప్రాంతంలో ఫసలీ జులై 1న మొదలవుతుంది, ఆ పుస్తకాలు చూసి తెలంగాణ కాగితాలకు తేదీలు వేస్తే కూడా చిక్కే. నేను అసలు తేదీ ఉన్నదున్నట్టు ముందు రాస్తాను, మార్చిన తేదీ దాని పక్కన.

ఇక కాగితాల ఆరోగ్యం. మొట్టమొదట గుండుసూదులు తీశాం. తుప్పు పట్టి కాగితంలోకి దిగిపోయిన సూదిని లాగకూడదు, లాగితే మూల మొత్తం ఊడొస్తుంది. సూదికీ కాగితానికీ మధ్య సన్నటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, కాగితాన్ని నొక్కిపట్టి, సూదిని వెనక్కి మెల్లగా జరపాలి. నాకు సాయం చేస్తున్న పక్కింటి అమ్మాయి ఎం.ఏ. హిస్టరీ చదువుతోంది. ఈ పనిలో దాని చెయ్యి నాకంటే నిదానం. దుమ్ముకు పెయింటర్లు వాడే రెండంగుళాల మెత్తటి బ్రష్, మధ్య నుంచి అంచుల వైపు. మూతికి మాస్కు తప్పదు, బూజు పీలిస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదు.

తాత కాగితాల్లో పాతవి కరక్కాయ, అన్నభేదితో చేసిన సిరాతో రాసినవి. ఆ సిరా నల్లగా నిగనిగలాడుతూ అందంగా ఉంటుంది, కాని అందులోని ఇనుము, ఆమ్లం కలిసి ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తాయి. ఒక జమాబందీ తావును వెలుతురుకు పట్టుకుంటే అక్షరాలున్న చోట చిల్లులు కనిపించాయి, సిరా బదులు వెలుతురు చదువుకోవాలి. అట్లాంటి వాటిని మడవకూడదు, తడి తగలనివ్వకూడదు. కింద ఒక గట్టి కాగితం పెట్టి రెండు చేతులతో దాన్నే ఎత్తాలి.

బయట చాలామంది చేసే పని ఒకటి చెప్పాలి, వింటేనే నాకు టెన్షన్ వస్తుంది. లామినేషన్. ఊళ్లో ఒకాయన తన తాత నాటి భూమి కాగితం చిరిగిపోతోందని జిరాక్స్ సెంటర్‌లో లామినేషన్ చేయించుకున్నాడు. వేడికి ప్లాస్టిక్ జిగురు కాగితంలోకి దిగిపోతుంది, మళ్లీ తీయాలంటే కాగితం రాదు. సెల్లో టేపు కూడా అంతే, కొన్నేళ్లకు టేపు ఊడిపోయి గోధుమరంగు మరక మాత్రం ఉండిపోతుంది. చిరుగు అట్లాగే ఉన్నా ఫర్వాలేదు. సన్నటి జపనీస్ టిష్యూ, గోధుమ గంజి జిగురు దొరికి, చెయ్యి తిరిగినవాళ్లు ఉంటేనే అతికించాలి. మన బైండింగ్ వాళ్లు పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలతుత్తం కలుపుతారు. వీటికి అది వాడొద్దు, అందులోని రాగి కాగితానికి హాని చేస్తుంది.

కట్టలు చుట్టడానికి కోరా గుడ్డ తెచ్చాను. ఎర్ర గుడ్డలో కడితే దస్త్రంలా ఉంటుందని మామయ్య అన్నాడు గాని, తడి తగిలితే ఆ రంగు కాగితానికి అంటుతుంది. కోరా గుడ్డను కూడా వేడినీళ్లలో రెండు మూడు సార్లు ఉడికించి గంజి మొత్తం పోగొట్టాలి. సిల్వర్‌ఫిష్ పురుగుకు గంజి అంటే ప్రాణం.

ట్రంకు పెట్టెలో ఒక కట్టకు పురుగు ఉంది. మందు కొట్టడం నాకిష్టం లేదు, అది కాగితానికీ మనిషికీ ఇద్దరికీ చెడ్డది. ఆ కట్టను గాలి చొరకుండా పాలిథీన్ కవర్లో మూసి, మా చెల్లె కొడుకు ఐస్‌క్రీమ్ షాపులోని డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు పెట్టాం. తీశాక వెంటనే విప్పకూడదు, గది వేడికి వచ్చేదాకా కవర్లోనే ఉండాలి. లేకపోతే చల్లటి కాగితం మీద నీటిబిందువులు చేరతాయి. మావాడు మొదట ఒప్పుకోలేదు, "కస్టమర్లు చూస్తే ఏమనుకుంటరు పెద్దమ్మా?" అన్నాడు. షాపు మూసిన తర్వాత అడుగు అరలో పెట్టుకున్నాం.

వాతావరణం మన చేతిలో లేదు. నల్లగొండలో మే నెలలో 45 డిగ్రీల దాకా పోతుంది, కాగితం అప్పడంలా పెళుసైపోతుంది. వానాకాలంలో బూజు భయం. పుస్తకాల్లో రాసినట్టు ఏడాది పొడవునా ఒకే చల్లదనం, సగానికి అటూ ఇటూ తేమ ఉంచాలంటే మన ఇండ్లలో అయ్యే పని కాదు. అయినా ఒకటి చేయవచ్చు. పగలు ఏసీ వేసి రాత్రి తీసేయడం కంటే అసలు వేయకపోవడమే నయం. ఆ ఎక్కుదిగుళ్లకే కాగితం సాగి, ముడుచుకుని, త్వరగా చస్తుంది. అందుకే బయటి గోడ తగలని నడిమి గదిలో, నేలకు జానెడు ఎత్తున, గోడకు దూరంగా ఇనుప ర్యాకు వేయించాను.

ట్రంకులోని ఒక కట్టకు పై చుట్టుగా గోలకొండ పత్రిక సంచిక ఉంది. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో మొదలుపెట్టిన పత్రిక అది. ఎవరికైనా చేతిలోకి తీసుకోగానే సంతోషమవుతుంది. కాని న్యూస్‌ప్రింట్‌లోని ఆమ్లం పక్క కాగితానికి పాకుతుంది. కింద ఉన్న రసీదు మీద పత్రిక ఆకారంలోనే గోధుమరంగు నీడ పడింది. ఇక్కడ వరసను చెరపక తప్పలేదు. పత్రికను తీసి వేరే పెట్టెలో ఆమ్లం లేని కాగితాల మధ్య పెట్టాను. అది ఉన్న చోట ఒక చీటీ పెట్టాను, "ఈ కట్టకు చుట్టుగా ఉన్న పత్రిక ఫలానా పెట్టెలో, ఫలానా నంబరుతో ఉంది" అని. పత్రిక దగ్గర కూడా అట్లాగే, ఏ కట్ట నుంచి వచ్చిందో రాసిన చీటీ ఉంది.

ఇప్పుడు అసలు కష్టమైన దాని దగ్గరికి వస్తాను. ఇరవై నాలుగో కట్టలో భగేలా కాగితాలున్నాయి. ఇంత డబ్బు తీసుకున్నాను, తీరేదాకా నీ ఇంట్లో పనిచేస్తాను అని రాసిచ్చిన ఒప్పందాలు. కింద సంతకం బదులు నిశానీ, వేలిముద్ర. తండ్రి రాసిచ్చిన అప్పుకు కొన్నేళ్ల తర్వాత కొడుకు వేలిముద్ర వేసిన కాగితం అదే కట్టలో, అదే దారంతో కుట్టి ఉంది. ఇట్లాంటి ఒప్పందాలను అదుపు చేయడానికి నిజాం సర్కారే 1936లో ఒక చట్టం తెచ్చింది. ఈ కట్టలో ఆ తర్వాత తేదీలు కూడా ఉన్నాయి. అప్పిచ్చిన పేరు మా తాతది.

మామయ్యకు చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ రోజులల్ల అందరు చేసిందే బిడ్డా. అది బయట పెడితే మనకేమొస్తది? ఆ కట్ట పక్కకు పెట్టు" అన్నాడు. ఆయన బాధ నాకు తెలుసు, ఆయన మంచివాడు. కాని పక్కకు పెట్టలేదు. ఆ కట్ట తీసేస్తే మిగిలినవన్నీ అబద్ధం చెప్తాయి. 1946 తర్వాత సాయుధ పోరాటం నడిచిన రోజుల్లో నల్లగొండ జిల్లాలో ఎన్నో ఊళ్లలో జనం గడీల (దొరల కోటల్లాంటి ఇండ్ల) మీద పడి అప్పు పత్రాలు తగలబెట్టారు. ఎందుకు తగలబెట్టారో ఈ కట్ట చూస్తే తెలుస్తుంది. ఇది ఎట్లా మిగిలిందో మాత్రం ఏ కాగితమూ చెప్పదు.

ఈ కట్ట దగ్గరే వివరణ రాయడం అంటే ఏమిటో నాకు బాగా తెలిసొచ్చింది. "పట్వారి గారి అప్పు పత్రాలు, 31 కాగితాలు" అని ఒక్క ముక్క రాస్తే రూలు ప్రకారం చాలు. అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి వాళ్ల ప్రమాణంలో 26 అంశాలుంటే, తప్పకుండా ఉండాల్సినవి ఆరే: గుర్తు సంఖ్య, శీర్షిక, ఎవరి కాగితాలు, తేదీలు, ఎన్ని, ఏ స్థాయి వివరణ (మొత్తం సేకరణదా, కట్టదా, ఒక్క కాగితానిదా). సర్కారు లెక్కల కట్టలకు నేను ఆ ఆరింటితోనే సరిపెట్టాను, అంతకంటే వివరం అక్కర్లేదు. కాని ఇక్కడ అట్లా వదిలేస్తే, ఆ వేలిముద్ర వేసినవాళ్ల మనవలు వెతుక్కుంటూ వస్తే వాళ్లకు దొరికేది మా తాత పేరే. అందుకే ఈ కట్టలో ఒక్కొక్క కాగితానికీ వేరుగా వివరణ రాస్తున్నాం: వేలిముద్ర వేసిన మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, ఎంత డబ్బు, ఎన్నేళ్లు. పేరు ముందు, అప్పిచ్చినవారి పేరు తర్వాత. కాగితాల్లో కులం పేర్లను నోటికొచ్చినట్టు, తిట్టులాగా రాసిన చోట్లున్నాయి. కాగితంలో ఉన్న మాటను నేను మార్చను, దాన్ని మార్చే హక్కు నాకు లేదు. కాని నా వివరణలో ఆ మాట రాయను. ఈ రెండూ ఎందుకు చేశానో జాబితా మొదట్లోనే రాసి పెట్టాను, తర్వాత చూసేవాళ్లకు తెలియాలి కదా.

మామయ్యకు ఆ పేర్లు ఫోన్లో ఒక్కొక్కటే చదివి వినిపించాను. మూడో పేరు దగ్గర ఆపి "ఆయన నాకు ఈత నేర్పిండు" అన్నాడు. కట్ట తీసేయమని మళ్లీ అడగలేదు. ఆ ఇండ్లవాళ్లు వచ్చి అడిగితే ముందు వాళ్లకే చూపించాలని, వాళ్లు వద్దంటే ఆ కాగితాల ఫోటోలు ఇంటర్నెట్లో పెట్టకూడదని ఇద్దరం అనుకున్నాం.

దొరకని కాగితాల గురించి కూడా రాయాలి. 1357 ఫసలీలో షహ్రేవర్ (సుమారు 1948 జులై) తర్వాత ఏ కాగితమూ లేదు. మళ్లీ మొదలయ్యేసరికి ఇంగ్లీషు తేదీలు. ఆ ఖాళీకి కారణం ఊహించడం తేలికే, 1948 సెప్టెంబరు గురించి మన జిల్లాలో ఎవరిని కదిలించినా ఏదో ఒకటి చెప్తారు. జాబితాలో మాత్రం "ఈ నెలల కాగితాలు లేవు, కట్టల వరస చెదరలేదు" అని మాత్రమే రాశాను.

ఈ సంగతి ఊళ్లో తెలిశాక భూమి గొడవలున్నవాళ్లు వస్తున్నారు. "మా సర్వే నంబరు మీద మీ తాత దగ్గర ఏమున్నది?" అని. నాకు వాళ్లను చూస్తే జాలేస్తుంది. తరతరాలు కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లున్నారు. కాని ఇవి చిత్తులు, నకళ్లు. 1954-55 ఖాస్రా పహాణీ కావాలన్నా, సేత్వారు కావాలన్నా ధ్రువీకరించిన నకలు సర్కారు ఆఫీసు నుంచే రావాలి. నా దగ్గర ఏ ఏడాది ఏ నంబరు ప్రస్తావన ఉందో చెప్తాను, దాన్ని బట్టి ఆఫీసులో ఏది అడగాలో వాళ్లకు తెలుస్తుంది. సర్కారు ముద్రతో ఉన్న అసలు రిజిస్టర్లు రెండు కూడా సందుగలో దొరికాయి. అవి మా ఇంటివి కావు. ఎక్కడ, ఏ వరసలో దొరికాయో రాసి, ఫోటోలు తీసి, అప్పగిస్తామని సంబంధిత ఆఫీసుకు ఉత్తరం రాశాం. రసీదు లేకుండా ఇవ్వవద్దని మామయ్య పట్టుదల. పట్వారి కొడుకు కదా.

ఊళ్ల పేర్ల సూచిక ఇంకా సగంలోనే ఉంది. 2016 అక్టోబరు 11న నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు విడిపోయాయి. కాగితంలో "జిల్లా నల్లగొండ" అని ఉన్న ఊరు ఇప్పుడు ఇంకో జిల్లాలో ఉండవచ్చు. అందుకని కాగితంలో ఉన్న పేరు, అప్పటి తాలూకా, ఇప్పటి మండలం, జిల్లా నాలుగూ రాస్తున్నాం. అమ్మమ్మ ఉత్తరాల్లో ఏలేశ్వరం జాతర ముచ్చట వస్తుంది. ఆ ఊరికి ఇప్పటి మండలం రాయలేం, నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. ఆ గడిలో అదే రాశాను.

చివరికి ఇవన్నీ ఎక్కడికి పోతాయి అన్నది మామయ్య తేల్చాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు ఇస్తే మంచిదని నా అభిప్రాయం, అక్కడ నిజాం కాలపు దఫ్తర్లు, వాటిని చదివేవాళ్లు ఉన్నారు. అత్తమ్మకేమో నల్లగొండ దాటి పోవద్దని ఉంది. ఎక్కడికి ఇచ్చినా మూడు షరతులు రాసి ఇస్తాం: కట్టల వరస మార్చొద్దు, అమ్మమ్మ సంచిని తాత కాగితాల్లో కలపొద్దు, ఇరవై నాలుగో కట్టకు మేం రాసిన పేర్ల జాబితా తీయొద్దు.

ప్రస్తుతం పని ఒక్కచోట ఆగింది. మౌల్వీ సాబ్‌కు కంటి ఆపరేషన్ అయింది, డాక్టరు కొన్నాళ్లు చదవొద్దన్నారు. ముప్ఫయ్యో కట్ట నుంచి ముప్ఫై ఏడు దాకా అన్నీ షికస్తాలోనే ఉన్నాయి. నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ వైపు ఆ రాత చదవగల పెద్దవాళ్లు ఎవరైనా మీకు తెలిస్తే కామెంట్లో ఒక ముక్క రాయండి, ఫోన్ నంబరు అక్కడ పెట్టకండి, నేనే మీకు మెయిల్ చేస్తాను. వాళ్లు రాలేకపోతే పెద్ద సైజు ఫోటోలు ప్రింటు తీసి నేనే ఇంటికి తీసుకొస్తాను. సియాఖ్ అంకెలు తెలిసినవాళ్లయితే ఇంకా మంచిది.